నాలుగో డౌన్ ధైర్యం: డాన్ క్విన్ తొలి సీజన్‌లో వాషింగ్టన్ కమాండర్స్

2024 జనవరి నెలాఖరు. కొత్త హెడ్ కోచ్ కోసం వెతుకుతున్న వాషింగ్టన్ కమాండర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బృందం విమానంలో డెట్రాయిట్ బయల్దేరింది. అక్కడి లయన్స్ జట్టులో అఫెన్స్ (దాడి ఆట) కోఆర్డినేటర్‌గా గొప్ప పేరు తెచ్చుకున్న బెన్ జాన్సన్‌తో మాట్లాడాలని వాళ్ళ ఉద్దేశం. విమానం దిగకముందే కబురు అందింది: జాన్సన్ పోటీలోంచి తప్పుకున్నాడు, లయన్స్‌తోనే ఉండిపోతున్నాడు. ఆ వారం తిరక్కుండానే ఉద్యోగం డాన్ క్విన్‌కు దక్కింది. అభిమానుల్లో పెద్దగా ఉత్సాహం కనపడలేదు. కోరుకున్నవాడు దొరక్క, దొరికినవాడితో సరిపెట్టుకున్నారన్న మాటే ఎక్కువగా వినపడింది.

ఆ నిరాశకు కారణం లేకపోలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు క్విన్ పేరు చెప్పగానే ఒక స్కోరు గుర్తొస్తుంది: 28-3. 2017 ఫిబ్రవరి 5న జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, అతని అట్లాంటా ఫాల్కన్స్ మూడో క్వార్టర్‌లో అంత ఆధిక్యంలో ఉండి కూడా న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 34-28తో ఓడిపోయింది. సూపర్ బౌల్‌లో అంత ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు ఇంకొకటి లేదు. చేతికొచ్చిన ఆటను చివర్లో జారవిడిచిన కోచ్ అన్న ముద్ర క్విన్ మీద అలా పడిపోయింది. అదే మనిషి వాషింగ్టన్ వచ్చిన ఏడాదిలోనే, ఆఖరి సెకన్లలో గెలిచే జట్టు ఏదంటే కమాండర్స్ అని చెప్పుకునే స్థితి వచ్చింది. 2023లో 17 మ్యాచ్‌లలో నాలుగే గెలిచిన జట్టు 2024లో 12 గెలిచి, సూపర్ బౌల్‌కు ఒక్క మ్యాచ్ దూరంలో ఆగింది.

ఎలా అంటే సులువైన జవాబు ఒకటి ఉంది: జేడెన్ డేనియల్స్ అనే క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ను నడిపి పాసులు విసిరే ఆటగాడు) దొరికాడు. అది నిజమే. కానీ మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికీ ఏమీ చేసుకోలేకపోయిన జట్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ఈ ఆట ప్రధాన లీగ్‌లో) చాలా ఉన్నాయి, వాషింగ్టనే ఒకసారి ఆ పని చేసింది. ఈసారి తేడా ఎక్కడ వచ్చిందో చూడాలంటే హెడ్ కోచ్ తన చేతిలో ఏం ఉంచుకున్నాడు, ఏం వదిలేశాడు అన్నది చూడాలి.

జట్టు ఎంత కిందికి దిగి ఉందో ముందు చెప్పాలి. కోచ్ జో గిబ్స్ హయాంలో 1982, 1987, 1991 సీజన్లలో మూడు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టు ఇది. 1999లో డాన్ స్నైడర్ కొన్న తర్వాత మైదానంలోనూ బయటా పరువు పోగొట్టుకుంది. ఆఫీసులో మహిళా ఉద్యోగులపై వేధింపుల వ్యవహారంలో 2021లో లీగ్ కోటి డాలర్ల జరిమానా వేసింది. పాత పేరు అమెరికా మూలవాసులను కించపరుస్తోందన్న అభ్యంతరం దశాబ్దాలుగా ఉండగా, 2020లో ఆ పేరు వదిలేశారు. రెండేళ్ళు ఉత్త 'వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్'గా ఆడి, 2022లో కమాండర్స్ అని పెట్టుకున్నారు. 2023 జూలైలో జోష్ హారిస్ నాయకత్వంలోని బృందం 605 కోట్ల డాలర్లకు జట్టును కొనుక్కుంది. ఆ మొదటి సీజన్ ఘోరంగా గడిచింది. చివరి ఎనిమిది మ్యాచ్‌లు వరుసగా పోయాయి. ప్రత్యర్థులకు 518 పాయింట్లు ఇచ్చుకుని లీగ్‌లో అట్టడుగున నిలిచింది. క్వార్టర్‌బ్యాక్ శామ్ హావెల్‌ను 65 సార్లు బంతితో సహా కింద పడేశారు (దీన్ని శాక్ అంటారు), అతను 21 పాసులు ప్రత్యర్థుల చేతికి విసిరాడు (ఇవి ఇంటర్‌సెప్షన్లు). సీజన్ ముగిసిన మర్నాడే కోచ్ రాన్ రివెరాను తీసేశారు.

ఈ జట్టు మ్యాచ్‌లు ఆడేది మేరీలాండ్‌లోని ల్యాండోవర్‌లో. రోజూ ప్రాక్టీసు చేసేది, ఆఫీసులు ఉన్నది మాత్రం వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. లౌడౌన్ కౌంటీలో ఐటీ ఉద్యోగాలతో స్థిరపడిన తెలుగు కుటుంబాలు బాగా ఉన్న ఊరది. అక్కడి తెలుగు పిల్లలకు కమాండర్స్ సొంత ఊరి జట్టు. క్రికెట్ చూస్తూ పెరిగిన అమ్మానాన్నలకు మాత్రం ఈ ఆట చాలాకాలం అర్థం కాదు, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవడం మంచిది.

బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ కొత్తగా నాలుగు వస్తాయి. వెళ్ళలేకపోతే బంతి ఉన్నచోటే అవతలి జట్టుకు పోతుంది. అందుకని మూడు డౌన్లలో పది గజాలు రాకపోతే, నాలుగోదాన్ని ఆడకుండా బంతిని దూరంగా తన్నేయడం ఆనవాయితీ. దాన్ని పంట్ అంటారు. గోల్ స్తంభాలు దగ్గరలో ఉంటే మధ్యలోంచి తన్ని మూడు పాయింట్లు తీసుకోవచ్చు, అది ఫీల్డ్ గోల్. బంతిని అవతలి గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్. కబడ్డీలో వరుసగా రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడోది 'డూ ఆర్ డై' అవుతుంది కదా, నాలుగో డౌన్ కూడా అలాంటిదే. కబడ్డీలో వెళ్ళక తప్పదు, ఇక్కడ వెళ్ళాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. సగటు కోచ్ తన్నేస్తాడు. తన్నేస్తే ఎవరూ తిట్టరు కాబట్టి.

క్విన్ దగ్గరికి వద్దాం. అతను పుట్టుకతో డిఫెన్స్ మనిషి. 2013 సీజన్‌లో సియాటిల్ సీహాక్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఆ భయంకరమైన డిఫెన్స్‌ను నడిపింది అతనే. ఆ పేరుతోనే 2015లో అట్లాంటా హెడ్ కోచ్ అయ్యాడు, రెండో ఏడాదికే సూపర్ బౌల్‌కు తీసుకెళ్ళాడు. 28-3 ఓటమి అతన్ని వెంటనే ముంచలేదు, మరుసటి ఏడాది కూడా జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. ముంచింది ఆ తర్వాత తీసుకున్న నిర్ణయం. 2018 సీజన్ బాగా లేకపోయేసరికి ముగ్గురు కోఆర్డినేటర్లనూ తీసేసి, డిఫెన్స్ బాధ్యత తన నెత్తినే వేసుకున్నాడు. 2019లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లలో ఏడు ఓడారు. డిఫెన్స్ ఆటలు పిలిచే (ప్రతి డౌన్‌కూ ఏ ఎత్తు వేయాలో చెప్పే) పని మళ్ళీ సహాయకులకు అప్పజెప్పాక మిగతా ఎనిమిదిలో ఆరు గెలిచారు. 2020లో వరుసగా అయిదు ఓడాక ఉద్యోగం పోయింది.

ఈ అట్లాంటా ఉదంతం తెలియకుండా వాషింగ్టన్ సీజన్ అర్థం కాదు. ఉద్యోగం పోయాక తనతో పనిచేసినవాళ్ళను అడిగి, ఎక్కడ తప్పు చేశానో తెలుసుకున్నానని క్విన్ తర్వాత చెప్పాడు. తర్వాత మూడేళ్ళు డల్లాస్ కౌబాయ్స్‌లో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా పనిచేసి మళ్ళీ పేరు నిలబెట్టుకున్నాడు. వాషింగ్టన్‌లో హెడ్ కోచ్‌గా అడుగుపెట్టినప్పుడు, తనకు ఎంతో ఇష్టమైన డిఫెన్స్ పిలుపుల పనిని డల్లాస్‌లో తన కింద పనిచేసిన జో విట్‌కు ఇచ్చేశాడు. అఫెన్స్ మొత్తం క్లిఫ్ కింగ్స్‌బరీకి వదిలేశాడు. కింగ్స్‌బరీ కూడా హెడ్ కోచ్‌గా అరిజోనాలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడే. జట్టులోకి ఎవర్ని తేవాలన్నది శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్ ఆడం పీటర్స్ చూసుకున్నాడు. క్విన్ తన దగ్గర ఉంచుకున్నవి రెండు: మ్యాచ్ కీలక సమయాల్లో నిర్ణయాలు, జట్టులో మనుషుల మధ్య వాతావరణం. ఒక ఏడాది క్రితం వరకూ ఎనిమిది వరుస ఓటములతో కుంగిపోయిన జట్టుకు రెండోది చిన్న పనేం కాదు.

ఆటగాళ్ళ విషయంలో ఇద్దరూ మొహమాటం చూపలేదు. జట్టులో సగం దాకా కొత్త ముఖాలే. పాత యాజమాన్యం డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) మొదటి రౌండ్‌లో తెచ్చుకున్న జహాన్ డాట్సన్‌ను సీజన్ మొదలయ్యేముందే, అదీ తమ సొంత గుంపు (డివిజన్)లోని ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కే ఇచ్చేశారు. 2023లో మొదటి రౌండ్‌లో తీసుకున్న ఎమాన్యుయెల్ ఫోర్బ్స్‌ను నవంబర్‌లో వదిలేశారు. తీసుకొచ్చిన కొత్తవాళ్ళలో చాలామంది క్విన్‌కు ముందే తెలిసినవాళ్ళు. సియాటిల్ రోజుల నాటి బాబీ వాగ్నర్ 34 ఏళ్ళ వయసులో వచ్చి డిఫెన్స్ మధ్యలో నిలబడి అందరికీ పాఠాలు చెప్పాడు. అట్లాంటాలోనూ డల్లాస్‌లోనూ క్విన్ కింద ఆడిన డాంటే ఫౌలర్ 10.5 శాక్‌లతో జట్టులో మొదటి స్థానంలో నిలిచాడు. డల్లాస్ నుంచే వచ్చిన సెంటర్ టైలర్ బియాడాష్, కరోలినా నుంచి వచ్చిన ఫ్రాంకీ లూవు, వయసు మళ్ళిందనుకున్న జాక్ ఎర్ట్జ్. వీళ్ళలో ఎవరూ ఆ ఏడాది మార్కెట్లో అత్యంత ఖరీదైన పేర్లు కారు. ఎలా పని చేయాలో తెలిసిన మనుషులు.

ఇక డేనియల్స్. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడి 2023లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన కుర్రాడు, డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక. వాషింగ్టన్ అభిమానులు ఇలాంటి కుర్రాణ్ణి ముందే ఒకసారి చూశారు. 2012లో రాబర్ట్ గ్రిఫిన్ కూడా రెండో ఎంపికే, హైస్మన్ విజేతే, పరిగెత్తడంలో మెరుపే. తొలి ఏడాదిలో జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్ళి, ఆ ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతీసుకున్నాడు, మళ్ళీ ఆ ఆట చూపలేకపోయాడు. డేనియల్స్ ప్రతిసారీ డిఫెండర్ల మధ్యలోకి దూరినప్పుడల్లా అభిమానులకు ఆ టెన్షన్ ఉండేది.

కింగ్స్‌బరీ ఈ కుర్రాడి కోసం ఆటను కుదించాడు. ఒక డౌన్‌కూ ఇంకో డౌన్‌కూ మధ్య గుండ్రంగా చేరి మాట్లాడుకోవడం మానేసి, నేరుగా వరసలో నిలబడి ఆడటాన్ని నో-హడిల్ అంటారు. 2024లో లీగ్ మొత్తంలో దాన్ని అందరికంటే ఎక్కువగా వాడిన జట్టు వాషింగ్టన్. దీనివల్ల అవతలి డిఫెన్స్‌కు మనుషుల్ని మార్చుకునే తీరిక ఉండదు, మోసపూరితమైన అమరికలు వేసుకునే వ్యవధి ఉండదు. కొత్త క్వార్టర్‌బ్యాక్ ముందు కనపడేది సాదాసీదా చిత్రం. దానికి తోడు డేనియల్స్ కాళ్ళు. క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తడనుకుంటే, బంతి అందుకున్న పరుగువీరుడి మీదికి డిఫెన్స్‌లో ఒక మనిషి ఎక్కువ ఉంటాడు. డేనియల్స్ మాత్రం ఒక డిఫెండర్‌ను అలా కంటితో కట్టేసేవాడు. ఆ డిఫెండర్ పరుగువీరుడి మీదికి వెళ్తే బంతి తనే ఉంచుకుని పక్క నుంచి జారుకునేవాడు, ఆగితే బంతి ఇచ్చేసేవాడు. అలా లెక్క సమానమైంది. సీజన్ ముగిసేసరికి 3,568 గజాల పాసింగ్, 25 టచ్‌డౌన్ పాసులు, 891 గజాల పరుగు. రూకీ (తొలి ఏడాది ఆడే) క్వార్టర్‌బ్యాక్ పరుగులో అది కొత్త రికార్డు, అంతకుముందు 815తో ఆ రికార్డు గ్రిఫిన్ పేరు మీదే ఉండేది. ఆ ఏడాది ఉత్తమ రూకీ అవార్డు అతనికే దక్కింది.

నాలుగో డౌన్ దగ్గర ఈ రెండూ కలిశాయి, క్విన్ ధైర్యం, డేనియల్స్ కాళ్ళు. 2024 రెగ్యులర్ సీజన్‌లో వాషింగ్టన్ నాలుగో డౌన్‌లో 23 సార్లు ముందుకెళ్ళి 20 సార్లు సాధించింది. వందకు 87. మామూలుగా సగం, సగం పైన వస్తే మంచి జట్టు కింద లెక్క. ఈ అంకె కంటే దాని వెనక ఉన్నది ముఖ్యం. నాలుగో డౌన్‌లో వెళ్తామని ముందే తెలిస్తే మూడో డౌన్ ఆట మారిపోతుంది. ఏడు గజాలు కావాల్సినప్పుడు ఏడూ ఒకేసారి సంపాదించాలన్న ఆత్రంతో దూరపు పాస్ వేయక్కర్లేదు. అయిదు గజాలు తెచ్చుకుని, మిగతా రెండు తర్వాత చూసుకోవచ్చు. అనుభవం లేని క్వార్టర్‌బ్యాక్‌లు తప్పులు చేసేది ఎక్కువగా మూడో డౌన్‌లో, దూరం ఎక్కువ ఉన్నప్పుడు. కోచ్ ఒక డౌన్ అదనంగా ఇస్తే ఆ భయం తగ్గుతుంది. డేనియల్స్ ఏడాది మొత్తంలో విసిరిన ఇంటర్‌సెప్షన్లు తొమ్మిదే కావడానికి ఇది ఒక ప్రధాన కారణమని గట్టిగానే చెప్పవచ్చు. అంటే క్విన్ ధైర్యం బయటికి దూకుడులా కనపడినా, లోపల అది కుర్రాడికి కల్పించిన భద్రత.

సీజన్ మొదలు అంత గొప్పగా లేదు. టాంపా బేలో 37-20తో ఓటమి, కిక్కర్ కేడ్ యార్క్ రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాడు. వెంటనే అతన్ని పంపేసి ఆస్టిన్ సైబర్ట్‌ను తెచ్చారు. ఆ ఆదివారమే న్యూయార్క్ జెయింట్స్ మీద సైబర్ట్ ఏడు తన్ని ఏడూ సాధించాడు, ఒక్క టచ్‌డౌన్ లేకుండా 21-18తో గెలిచారు. మూడో వారం సిన్సినాటిలో సోమవారం రాత్రి మ్యాచ్‌తో దేశం మొత్తం డేనియల్స్ వైపు చూసింది. 23 పాసుల్లో 21 చేరాయి, రూకీలలో అంత కచ్చితత్వం అంతకుముందు లేదు. 38-33. అరిజోనాను 42-14తో, క్లీవ్‌లాండ్‌ను 34-13తో, కరోలినాను 40-7తో చిత్తు చేశారు. కరోలినా మ్యాచ్‌లోనే డేనియల్స్ పక్కటెముకకు దెబ్బ తగిలింది, ఆ రోజు ఆటను మార్కస్ మారియోటా నడిపాడు.

వారం తర్వాత, అక్టోబర్ 27న, షికాగో బేర్స్ మ్యాచ్. నాలుగు ఫీల్డ్ గోల్స్‌తో 12-0 ముందున్న వాషింగ్టన్, 25 సెకన్లు ఉందనగా 15-12తో వెనకబడింది. చివరికి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం, 52 గజాల దూరం. డేనియల్స్ వెనక్కీ పక్కకీ పరిగెడుతూ పన్నెండు సెకన్ల పైగా కాలయాపన చేసి, ఉన్న శక్తంతా పెట్టి విసిరాడు. గోల్ ముందు గుంపులో ఎవరి చేతికో తగిలి పైకి లేచిన బంతి, వెనక ఒంటరిగా నిలబడ్డ నోవా బ్రౌన్ చేతుల్లో పడింది. 18-15. ఆ ప్రయత్నం మొదలైన క్షణంలో షికాగో డిఫెండర్ టైరీక్ స్టీవెన్సన్ ప్రేక్షకుల వైపు తిరిగి కవ్విస్తూ ఉన్నాడని వీడియోల్లో అందరూ చూశారు. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చి బంతిని తాకిన చేయి కూడా అతనిదే. ఈ ఒక్క ఆటకు దొరికినంత ప్రచారం ఆ ఏడాది ఇంకే ఆటకూ దొరకలేదు. దీన్ని అదృష్టమంటే తప్పేమీ లేదు. గుంపు వెనక ఒక మనిషిని నిలబెట్టడం మాత్రం ముందే సాధన చేసిన ఏర్పాటు.

తొమ్మిది మ్యాచ్‌లకు ఏడు గెలిచాక జోరు ఆగింది. పిట్స్‌బర్గ్‌తో 28-27, ఫిలడెల్ఫియాతో 26-18, డల్లాస్‌తో 34-26, వరుసగా మూడు ఓటములు. డల్లాస్ మ్యాచ్ నిజంగా గుండె పగిలేది. 21 సెకన్లు ఉండగా టెర్రీ మెక్‌లారిన్ పాస్ అందుకుని 86 గజాల టచ్‌డౌన్ చేశాడు. ఆ తర్వాత తన్నే అదనపు పాయింట్ వస్తే స్కోరు సమం. సెప్టెంబర్‌లో జట్టును నిలబెట్టిన సైబర్ట్, గాయం నుంచి అప్పుడే తిరిగొచ్చినవాడు, దాన్ని తప్పాడు. తర్వాత బంతి తిరిగి దక్కించుకోవాలని తన్నిన పొట్టి కిక్‌ను డల్లాస్ ఆటగాడు పట్టుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు. పాత వాషింగ్టన్ అయితే ఇక్కడి నుంచి కూలిపోయేది. ఏడాది ముందు సరిగ్గా అలాగే కూలిపోయింది కూడా.

ఈసారి ఆ తర్వాత రెగ్యులర్ సీజన్‌లో ఒక్కటీ ఓడలేదు. టెనెసీని 42-19తో సులువుగా ఓడించారు. మిగతావన్నీ ఊపిరి బిగబట్టి చూడాల్సినవే. న్యూ ఆర్లీన్స్ ఆఖరి క్షణంలో టచ్‌డౌన్ చేసి, గెలుపు కోసం రెండు పాయింట్ల ప్రయత్నం (అదనపు పాయింట్ తన్నడానికి బదులు మళ్ళీ గీత దాటే ప్రయత్నం) చేస్తే అది విఫలమై 20-19. ఫిలడెల్ఫియా మీద అయిదుసార్లు బంతి పోగొట్టుకుని కూడా, ఆరు సెకన్లు ఉండగా డేనియల్స్ తన అయిదో టచ్‌డౌన్ పాస్ విసిరితే 36-33. అట్లాంటాను, అంటే క్విన్ పాత జట్టునే, ఓవర్‌టైమ్‌లో 30-24తో ఓడించి ప్లేఆఫ్స్ బెర్త్ ఖాయం చేసుకున్నారు. డల్లాస్‌లో మారియోటా చివరి సెకన్లలో మెక్‌లారిన్‌కు వేసిన పాస్‌తో 23-19. 12 గెలుపులు, 5 ఓటములు. 1991 తర్వాత ఈ జట్టుకు ఇదే అత్యుత్తమం.

ఇక్కడ లెక్క నిజాయితీగా చూడాలి. ఎనిమిది పాయింట్లు, అంతకంటే తక్కువ తేడాతో ముగిసిన మ్యాచ్‌లు ఆ సీజన్‌లో పన్నెండు. అందులో వాషింగ్టన్ ఎనిమిది గెలిచింది, నాలుగు ఓడింది. అలాంటి మ్యాచ్‌లలో ఒక బంతి పైకి ఎగరడం, ఒక చేయి జారడం ఫలితాన్ని తేలుస్తాయి. డిసెంబర్ ఫిలడెల్ఫియా మ్యాచ్‌లోనే డెవాంటా స్మిత్ చేతిలో పడాల్సిన పాస్ జారకపోతే వాషింగ్టన్‌కు ఆఖరి అవకాశమే వచ్చేది కాదు. ఈ గెలుపులన్నీ జట్టు గుండె ధైర్యానికి నిదర్శనమని అప్పట్లో చాలామంది రాశారు. ధైర్యం ఉంది, కాదనలేం. కానీ అలాంటి ఏడాది ఆ మరుసటి ఏడే అదే పాళ్ళలో తిరిగి రావడం అరుదు. అసలైన మార్పు చూడాలంటే మొత్తం పాయింట్లు చూడాలి. 2023లో 329 చేసి 518 ఇచ్చుకున్న జట్టు, 2024లో 485 చేసి 391 ఇచ్చింది. ఇది అదృష్టంతో వచ్చే తేడా కాదు.

ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్ మళ్ళీ టాంపా బేలోనే. నాలుగో క్వార్టర్‌లో, నాలుగో డౌన్, రెండు గజాలు. ఫీల్డ్ గోల్ తన్నితే తేడా ఒక్క పాయింట్‌కు తగ్గుతుంది, అయినా క్విన్ ముందుకే వెళ్ళాడు, మెక్‌లారిన్‌కు టచ్‌డౌన్ పాస్ పడింది. సమయం అయిపోతుండగా కొత్త కిక్కర్ జేన్ గొంజాలెజ్ తన్నిన బంతి స్తంభానికి తగిలి లోపలికే పడింది. 23-20. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత తొలి ప్లేఆఫ్ విజయం. తర్వాతి వారం డెట్రాయిట్. 15 గెలుపులు, 2 ఓటములతో అగ్రస్థానంలో ఉన్న లయన్స్, వాళ్ళ సొంత మైదానం, అవతలి అఫెన్స్‌ను నడుపుతున్నది ఏడాది క్రితం వాషింగ్టన్‌ను కాదన్న బెన్ జాన్సన్. వాషింగ్టన్ 45-31తో గెలిచింది. లయన్స్ అయిదుసార్లు బంతి పోగొట్టుకుంది, వాషింగ్టన్ ఒక్కసారీ పోగొట్టుకోలేదు. విట్ డిఫెన్స్‌కు ఆ ఏడాది అది అత్యుత్తమ రాత్రి. జాన్సన్ ఆడించిన మాయ పాస్ ఒకదాన్ని రూకీ మైక్ సెయిన్‌రిస్టిల్ మధ్యలోనే అందుకున్నాడు.

ఆగింది ఫిలడెల్ఫియాలో, 55-23తో. ఎక్కడ ఆగిందో అందరికీ ముందే తెలుసు. పరుగు ఆటను ఆపడంలో వాషింగ్టన్ ఏడాదంతా లీగ్‌లో చివరి స్థానాల్లోనే ఉంది. అఫెన్స్ ఎక్కువ పాయింట్లు చేస్తూ ఉన్నంతకాలం అది కనపడలేదు. మొదట 18 ప్రయత్నాల పాటు ఓపిగ్గా నడిచిన వాషింగ్టన్‌కు మూడే పాయింట్లు దక్కితే, ఈగిల్స్ తమ తొలి ప్రయత్నంలోనే సాక్వాన్ బార్క్లీ 60 గజాల పరుగుతో టచ్‌డౌన్ చేశారు. ఆ రోజు ఈగిల్స్ ఎనిమిది టచ్‌డౌన్లలో ఏడు పరుగుతోనే వచ్చాయి. గోల్ గీత దగ్గర లూవు పదేపదే ముందుగా మీదికి దూకితే, ఇలాగే చేస్తే టచ్‌డౌన్ ఇచ్చేస్తామని రిఫరీ మైకులో హెచ్చరించాల్సి వచ్చింది. ఆపలేకపోతున్నామన్న అసహనం అది. వాషింగ్టన్ నాలుగుసార్లు బంతి పోగొట్టుకుంది. రెండు వారాల తర్వాత ఈగిల్స్ సూపర్ బౌల్ గెలిచింది.

2025లో లెక్క అటు తిరిగింది. బెన్ జాన్సన్ అప్పటికి షికాగో హెడ్ కోచ్, అతని జట్టు ఆఖరి క్షణంలో 25-24తో గెలిచింది. డెన్వర్ మీద ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేసి, సమం చేసే పాయింట్ వద్దని క్విన్ రెండు పాయింట్లకు వెళ్ళాడు, పాస్‌ను డిఫెండర్ చేత్తో కొట్టేశాడు, 27-26. అంతకుముందు డిసెంబర్‌లో న్యూ ఆర్లీన్స్‌కు జరిగింది ఈసారి తమకే జరిగింది. నిర్ణయం తప్పని అనలేం, ఏడాది ముందు అలాంటివే వాళ్ళను గెలిపించాయి. డేనియల్స్ విషయంలో మాత్రం తప్పు జరిగింది. నవంబర్ మొదట్లో సియాటిల్ 38-7తో ముందున్నప్పుడు, ఎటూ గెలవని ఆటలో, అతన్ని నాలుగో క్వార్టర్‌లో మైదానంలోనే ఉంచారు. మోచేయి పక్కకు జరిగింది. ఆ తప్పు తనదేనని క్విన్ ఒప్పుకున్నాడు. సీజన్ 5 గెలుపులు, 12 ఓటములతో ముగిసింది, కింగ్స్‌బరీ, విట్ ఇద్దరూ వెళ్ళిపోయారు.

దానికి ముందే, నవంబర్ 10న, డెట్రాయిట్ చేతిలో 44-22తో ఓడిన మర్నాడు, క్విన్ ఒక ప్రకటన చేశాడు. డిఫెన్స్ ఆటలు ఇకనుంచి విట్ పిలవడు, తనే పిలుస్తాడు. వారం తర్వాత స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో మయామితో మ్యాచ్. చేతిలో ఆటల పట్టీ పట్టుకుని, అట్లాంటాలో 2019లో నిలబడ్డట్టే, క్విన్ మళ్ళీ గీత పక్కన నిలబడ్డాడు. డిఫెన్స్ ఆ రోజు పదహారు పాయింట్లే ఇచ్చింది. అఫెన్స్ పదమూడే చేసింది.